కాలేజీలున్నాయి, ఊరేదీ?

జూన్ నెల వచ్చిందంటే పొద్దున్నే పేపర్లోంచి రంగురంగుల కాయితాలు జారిపడతాయి. ఇంజనీరింగ్ కాలేజీల ప్రకటనలు. ఎన్ని ఎకరాల ఆవరణ, ఎన్ని బస్సులు, ఎన్ని కంప్యూటర్లు, కిందటేడు ఎవరికి ఎన్ని లక్షల జీతం వచ్చింది, అన్నీ అచ్చువేసి ఉంటాయి. పిల్లవాడు నాలుగేళ్ళపాటు ఏ ఊళ్ళో బతకబోతున్నాడో, సాయంత్రం క్లాసులయ్యాక ఏ వీధిలో తిరుగుతాడో, జేబులో పది రూపాయలే ఉన్న రోజున ఎక్కడ కూర్చోగలడో మాత్రం ఒక్క కాయితంలోనూ ఉండదు. అడిగే తండ్రీ లేడు. మా రోజుల్లో ముందు ఊరి పేరు, తర్వాతే కాలేజీ పేరు. "మావాడు కాకినాడలో చదువుతున్నాడండి" అనేవారు మా నాన్నగారు. ఏ కాలేజీ అని అవతలివాళ్ళు అడిగితేనే ఆ పేరు చెప్పేవారు.

నేను 1970లో కోనసీమ నుంచి కాకినాడ వచ్చాను, పిఠాపురం రాజా వారి పేరుతో ఉన్న పీఆర్ కాలేజీలో బీఎస్సీ చదవడానికి. ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి, గౌతమి దాటి, యానాంలో దిగి అక్కడ బస్సు పట్టుకోవాలి. పంటు అవతలి ఒడ్డున ఉంటే గట్టు మీద ఎండలో నిలబడాల్సిందే. గోదారికి వరదొస్తే అసలు దాటనిచ్చేవారు కాదు. అందుకని ఇంటికి నెలకోసారో, పండక్కో వెళ్ళేవాళ్ళం. మిగతా ఆదివారాలన్నీ ఊళ్ళోనే గడవాలి. అలా ఊరికి మేం అలవాటయ్యాం, మాకు ఊరు అలవాటైంది. 2002లో ఆ రేవు దగ్గర బాలయోగి పేరుతో వంతెన వచ్చింది. మా ఊరి పిల్లలిప్పుడు పొద్దున్న కాలేజీ బస్సెక్కి రాత్రి అన్నం వేళకి ఇంటికొచ్చేస్తున్నారు. ఆ వంతెన కోసం ఎదురుచూసిన వాళ్ళలో నేనూ ఉన్నాను. పురిటి నొప్పులతో ఉన్న ఆడమనిషిని పంటు మీద దాటించడం కళ్ళారా చూసినవాణ్ణి కనుక వంతెనని ఒక్క మాట అనను. కానీ పద్దెనిమిదేళ్ళ కుర్రాడు తనది కాని ఊళ్ళో, తనవాళ్ళు కాని మనుషుల మధ్య, నెల డబ్బు తనే లెక్క చూసుకుంటూ బతికే ఆ కొద్ది కాలం చాలామందికి లేకుండా పోయింది. నా బాధ దాని గురించి.

కాకినాడ ఆ బతుక్కి బాగా కుదిరిన ఊరు. నేలంతా చదును, ఎక్కడా ఎత్తుపల్లాలు లేవు. వీధులు తిన్నగా ఒకదాని పక్కన ఒకటి సాగుతాయి. మెయిన్ రోడ్డు, దేవాలయం వీధి, సినిమా రోడ్డు తెలిస్తే ఊరు తెలిసినట్టే. భానుగుడి సెంటర్లో బయల్దేరిన సైకిలు అరగంట లోపు జగన్నాథపురం వంతెన చేరుతుంది. ఆ దూరంలోనే అన్ని కాలేజీలూ. మాది 1884 నాటి కాలేజీ. ఇంజనీరింగ్ కాలేజీ 1946లో విశాఖపట్నంలో మొదలై ఇక్కడికి మారింది. రంగరాయ మెడికల్ కాలేజీ 1958లో వచ్చింది. ఇవికాక పాలిటెక్నిక్, ఆడపిల్లల కాలేజీ, టైపు ఇన్‌స్టిట్యూట్లు. మెడిసిన్ వాడు, ఇంజనీరింగ్ వాడు, బీకాం వాడు, డిగ్రీ అయిపోయి టైపు హయ్యరు కడుతూ ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టుకునేవాడు, అందరూ రామారావుపేటలో ఒకే పెంకుటింటి వసారా గదుల్లో ఉండేవాళ్ళం. నాకు శరీరంలో ఎముకల పేర్లు తెలుసంటే పక్క గది మెడిసిన్ కుర్రాడు రాత్రిళ్ళు పైకి చదవడం వల్ల తెలిసినవే. పక్కవాడి చదువు చెవిన పడటం కూడా చదువే. ఇప్పుడు ఇంజనీరింగ్ పిల్లవాడికి నాలుగేళ్ళలో ఇంజనీరింగ్ పిల్లలు తప్ప మరొకరు తారసపడరు.

సొంత సైకిలు లేనివాడికి అద్దె సైకిలు. మా వీధి మొగలో షాపుండేది. వెనక మడ్‌గార్డుల మీద తెల్ల పెయింటుతో నెంబర్లు. షాపాయన చెవి మీదున్న పెన్సిలు తీసి, మేకుకి వేలాడదీసిన అట్ట పుస్తకంలో నెంబరు, పేరు, టైము రాసుకునేవాడు. గంటకి పావలా. బ్రేకులు నొక్కి చూపించకుండా మాత్రం ఇచ్చేవాడు కాదు. "ఎడం బ్రేకు కాస్త లూజుందండి, మసీదు సెంటర్లో చూసుకుని వెళ్ళండి" అనేవాడు. పరీక్ష రోజున పొద్దెక్కి లేచి పరిగెత్తుకుంటూ వెళ్తే పుస్తకం జోలికి పోకుండానే సైకిలు ముందుకు తోసేవాడు. "ముందెళ్ళి రాసి రండి బాబూ, డబ్బులకేవుందండి" అని. తిరిగొచ్చాక ఎలా రాశామో అడిగేవాడు. బాగా రాయలేదంటే, అద్దె తీసుకుంటూనే, "సెప్టెంబరు ఉందిగదండీ" అని ధైర్యం చెప్పేవాడు. ఆయన చదువుకున్నవాడు కాదు. పరీక్షలు ఎప్పుడు మొదలవుతాయో, సప్లిమెంటరీ ఎప్పుడో మాత్రం యూనివర్సిటీ గుమాస్తా అంత కచ్చితంగా తెలుసు. కాలేజీల ఊరంటే నా దృష్టిలో ఇదీ. పిల్లల పరీక్షల తేదీలు సైకిల్ షాపులో కూడా తెలిసి ఉండాలి.

భోజనం మెస్సులో. బోర్డు లేదు, గాంధీనగర్ పార్కు పక్క సందులో ఒక ఇల్లు, అంతే. నడిపే ఆవిడని అందరం పిన్నిగారూ అనేవాళ్ళం, వడ్డించే ఆయన్ని బాబాయ్ అని పిలిచేవాళ్ళం. ఒకటో తారీకున డబ్బు కడితే టోకెన్ల పుస్తకం ఇచ్చేవారు. పల్చటి గులాబీ రంగు కాయితం, ఒక్కో చీటీ మీద ఊదా రంగు రబ్బరు స్టాంపు. పూటకో చీటీ చింపి గుమ్మం పక్కనున్న రేకు డబ్బాలో వెయ్యాలి. తినని పూట చీటీ మనకే మిగులుతుంది. ఊరి నుంచి నాన్నో మావయ్యో వస్తే ఆ చీటీతో వాళ్ళ భోజనం అయ్యేది. పప్పు, ఒక కూర, పులుసు, మాగాయో గోంగూరో, చివర పల్చటి మజ్జిగ. మజ్జిగ మరీ పల్చనైందని ఓసారి మా బంతి అంతా గోల చేసింది. పిన్నిగారు గరిటె చేత్తోనే బయటికొచ్చి, పాలవాడు ఈ నెల ఎంత పెంచాడో, కట్టెలు ఎంతయ్యాయో, కందిపప్పు ఎంతకి తెచ్చారో పైసలతో సహా చెప్పుకొచ్చింది. "ఇప్పుడు చెప్పండి నాయనా, మీరే లెక్కలు చదివినోళ్ళు, నేను చిక్కగా ఎక్కణ్ణుంచి పోసేది?" అంది. బంతిలో ఒక్కరూ మాట్లాడలేదు. ధర పెరగడమంటే ఏమిటో ఏ ఎకనామిక్స్ పుస్తకమూ నాకంత బాగా చెప్పలేదు. ఇవాళ హాస్టల్లో కూర బాగోకపోతే పిల్లవాడు ఫోనులో బిర్యానీ తెప్పించుకుంటాడు. వండినవాళ్ళ మొహం చూడడు, వాళ్ళకి వాడి పేరు తెలియదు. తిట్టుకోవడానికైనా ఒక మనిషి ఎదురుపడాలా వద్దా?

మనియార్డరు అందిన రోజున సుబ్బయ్య హోటలు. అరిటాకులో చోటు చాలనన్ని వడ్డించి, ఇంకాస్త వేసుకోమని బతిమాలుతూ తిరిగేవాళ్ళు. ఇంటికెళ్ళే రోజున మెయిన్ రోడ్డులో కోటయ్య కాజాలు ఒక పొట్లం. ఆ రెండూ నేటికీ ఉన్నాయి కనుక వాటి గురించి పెద్దగా చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది డబ్బు ఖర్చు లేని సాయంత్రాల గురించి. విద్యార్థులకి ఒక ఊరు బాగుందా లేదా అని తేల్చాలంటే నేను ఒక్కటే చూస్తాను. సాయంత్రం అయిదున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా, ఏమీ కొనకుండా, ఎవరిచేతా లేపించుకోకుండా, పిల్లలు కూర్చోగల చోట్లు ఎన్ని ఉన్నాయి? మాకు గాంధీనగర్ పార్కు ఉండేది. కుళాయి చెరువు గట్టు ఉండేది. ఆనందభారతి గ్రౌండులో ఏదో ఒక పార్టీ వాళ్ళ సభ ఉండేది. అన్ని పార్టీల సభలకీ వెళ్ళేవాళ్ళం, అన్నిటికీ చప్పట్లు కొట్టేవాళ్ళం, దారి పొడుగునా వాదించుకుంటూ గదికొచ్చేవాళ్ళం. జిల్లా గ్రంథాలయంలో పత్రికలు చదవడానికి పెన్షనర్లతో పోటీ. ఒకాయన ఇంగ్లీషు పేపరు పట్టుకుంటే గంటసేపు వదిలేవాడు కాదు. వెనక నిలబడి మేం చదువుతుంటే, మేం పూర్తిచేశామో లేదో కనుక్కుని పేజీ తిప్పేవాడు. పది పైసలకి ఒకరోజు నవల ఇచ్చే అద్దె పుస్తకాల కొట్లు వీధికొకటి.

సరస్వతీ గానసభ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పెట్టిన సంస్థ. పేరున్న విద్వాంసులు వచ్చి పాడిన చోటు. కచేరీ ఉన్న రాత్రి లోపల కుర్చీలు సభ్యులకి, బయట మైకు కింద అరుగులు మాకు. రాగం పేరు తెలిసినవాడు మాలో ఒకడే ఉండేవాడు, తెనాలి వైపు కుర్రాడు. వాడు తొడ మీద తాళం వేస్తుంటే చూసి మేమూ వేసేవాళ్ళం. అలా విని విని నాకు కల్యాణి, మోహన గుర్తుపట్టడం వచ్చింది. ఇప్పటికీ ఉదయం రేడియోలో వస్తే పోల్చుకుంటాను. నాటకాలంటే యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు పేరు చెప్పేవారు పెద్దవాళ్ళు. ఎస్వీ రంగారావు, అంజలీదేవి, ఆదినారాయణరావు సినిమాల్లోకి వెళ్ళకముందు దాని తరఫున నాటకాలు ఆడినవాళ్ళే. మేం వచ్చేసరికి ఆ వైభవం తగ్గింది, కానీ పరిషత్తు నాటకాలు తెల్లవార్లూ జరిగేవి. ఇక సినిమా రోడ్డు ఉండనే ఉంది. నేల టిక్కెట్టు అర్ధరూపాయి లోపే. మొదటాట వదిలాక ఆ రోడ్డంతా జనం, జనంలో సగం మేమే.

వీటన్నిటికంటే నాకు ఇష్టమైంది జగన్నాథపురం వంతెన. అప్పట్లో పెద్ద ఓడలు ఒడ్డుకి రాలేక దూరంగా సముద్రంలో లంగరు వేసేవి. సరుకంతా బార్జీల మీద ఉప్పుటేరులో అటూ ఇటూ తిరిగేది. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండబట్టి ఇక్కడ కడలి నెమ్మది, అందుకే ఆ పద్ధతి సాగింది. ఒడ్డుకే ఓడలొచ్చే లోతు రేవు 1990ల చివర్లో గాని రాలేదు. ఒక సాయంత్రం మా ఫిజిక్సు బ్యాచి వంతెన పిట్టగోడ దగ్గర నిలబడి, బార్జీలో ఇంత సరుకు వేస్తే ఎంత లోతు మునుగుతుందని లెక్క కడుతోంది. ఉప్పునీరు, మంచినీరు తేడా దగ్గర వాదన పెరిగింది. కింద తాడు కడుతున్న ముసలాయన అంతా విని, బార్జీ పక్కన రంగుతో గీసిన గీత చూపించాడు. "అదుగో ఆ గీత మునిగిందంటే సరుకు ఆపేస్తామండి. వానల్లో ఏటికి గోదారి నీళ్ళొచ్చి కలిసినప్పుడు ఇంకో నాలుగు బస్తాలు తగ్గించేస్తాం" అన్నాడు. మా వాదన అక్కడితో తేలిపోయింది. మర్నాడు క్లాసులో చెబితే మాస్టారు ఆ ముసలాయన మాటే బోర్డు మీద లెక్కగా వేసి చేయించారు. వంద ఎకరాల ఆవరణలో ఏ ల్యాబులో దొరుకుతుంది ఆ ముసలాయన?

ఇదంతా దానంతట అది ఏర్పడింది కాదు. ఊరి పెద్దలు చదువుల భారం నెత్తిన వేసుకున్నారు. పిఠాపురం మహారాజా డబ్బిచ్చారు, ప్రిన్సిపాలుగా రఘుపతి వెంకటరత్నం నాయుడు మా కాలేజీకి ప్రాణం పోశారు. ఆడపిల్లలకీ, దళితుల పిల్లలకీ చదువు అందాలని ఆయన ఆ రోజుల్లోనే పట్టుబట్టిన మనిషి. దేవులపల్లి కృష్ణశాస్త్రి వంటివాళ్ళు ఆయన దగ్గర చదువుకున్నారు. రంగూన్ వెళ్ళి వ్యాపారంలో గడించిన మల్లాడి సత్యలింగ నాయకర్ తన ఆస్తి ధర్మానికి రాసిచ్చారు. దాని మీద జగన్నాథపురంలో బళ్ళు నడిచాయి, ఎందరో పేద పిల్లలకి అన్నమూ చదువూ దొరికాయి. మా ముందు తరంలో వారాలు చేసుకుని చదివినవాళ్ళున్నారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. మా కెమిస్ట్రీ మాస్టారు అలా చదివినవారే. ఆయన జీవితాంతం ఆ ఏడు ఇళ్ళ ముందు నుంచి వెళ్ళేటప్పుడు సైకిలు దిగి నడిచేవారు. కాలేజీ కట్టడం వరకూ డబ్బున్న ఎవరైనా చేస్తారు. చదువుకోవడానికి వచ్చిన పరాయి పిల్లవాడు ఊరందరి బాధ్యత అనుకోవడం వేరు. ఈ రెండోది పోయింది.

అప్పుడంతా బంగారం అని నేననను. కులం అడగకుండా గది ఇచ్చేవాళ్ళు తక్కువ. మా పెంకుటింట్లో కూడా ఒక కుర్రాడికి ముందు ఒప్పుకుని, ఇంటిపేరు విన్నాక గది ఖాళీ లేదన్నారు. ఆ అబ్బాయి ప్రభుత్వ హాస్టల్లో పురుగులన్నం తిని చదివి మా అందరికంటే మంచి మార్కులు తెచ్చుకున్నాడు. ర్యాగింగు పేరుతో సీనియర్లు చేసిన పనులు తల్చుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. దాన్ని నేరమని చట్టం చెయ్యడానికి 1997 దాకా పట్టింది. ఇక నేను చెప్పిన పార్కూ, వంతెనా, నేల టిక్కెట్టూ అన్నీ మగపిల్లల సుఖాలే. మా క్లాసులో అమ్మాయిలు బెల్లు కొట్టగానే తలొంచుకుని ఇంటికి వెళ్ళేవారు. గానసభ అరుగు మీద కూర్చుని కల్యాణి వినే అదృష్టం వాళ్ళకి లేదు. కాకినాడ కాంగ్రెస్ మహాసభ 1923లో జరిగినప్పుడు, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఖద్దరు ప్రదర్శన గుమ్మంలో ఆపిన చిన్నపిల్ల దుర్గాబాయి. అలాంటి పిల్లని చూసిన ఊరు, ఆ తర్వాత యాభై ఏళ్ళకి కూడా ఆడపిల్లని వీధి అరుగు మీద కూర్చోనివ్వలేదు. ఇవాళ భానుగుడి సెంటర్లో అమ్మాయిలు స్కూటర్ల మీద వచ్చి, టీ తాగుతూ, గట్టిగా నవ్వుతూ మాట్లాడుకోవడం చూస్తే నాకు నిజంగా సంతోషంగా ఉంటుంది. అయితే వాళ్ళ హాస్టళ్ళ గేట్లకి నేటికీ ఏడింటికే తాళం పడుతోంది. అబ్బాయిలకి మాత్రం తొమ్మిది దాకా. ఇన్నేళ్ళలో మారాల్సింది మారలేదు, ఉండాల్సింది ఉండలేదు.

చదువుకీ ఊరికీ ఉన్న ఆ బంధం ఎలా పోయిందో నేను చూస్తూనే ఉన్నాను. ముందు ఇంటర్మీడియట్ పోయింది. పొద్దున్న అయిదింటికి లేపి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లు పెట్టే రెసిడెన్షియల్ కాలేజీలు వచ్చాయి. పదహారేళ్ళ పిల్లలు రెండేళ్ళపాటు బజారు మొహం చూడకుండా చదివారు. తర్వాత ఇంజనీరింగ్. ప్రైవేటు కాలేజీ పెట్టాలంటే ఇన్ని ఎకరాలు చూపించాలన్నారు. ఊళ్ళో ఎకరం ఎవరు కొనగలరు? పది, ఇరవై, ముప్ఫై కిలోమీటర్ల అవతల పొలాల్లో భూమి చవక. 2007 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చి పేదింటి పిల్లలకి ఇంజనీరింగ్ అందింది. అది చాలా గొప్ప పని, అనుమానం లేదు. దానితోపాటే కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఏడొందల దాకా చేరాయంటే ఊహించుకోండి. వాటిలో చాలా భాగానికి ఊరంటూ లేదు. రోడ్డు పక్కన ఒక కమాను, కమాను వెనక నాలుగు అంతస్తులు, చుట్టూ వరి చేలు.

మా తమ్ముడి మనవడు అలాంటి చోటే మూడో ఏడు చదువుతున్నాడు. దసరా సెలవులకి వచ్చినప్పుడు అడిగాను.

"ఏరా, కాకినాడ పక్కనే మూడేళ్ళుగా ఉన్నావు, ఊళ్ళో ఏమేం చూశావు?"

"ఫోను రిపేరుకి ఓసారి మెయిన్ రోడ్డు వెళ్ళాను తాతయ్యా. ఇంకోసారి మాల్‌లో సినిమాకి."

"అంతేనా?"

"వెళ్ళాలంటే అవుట్‌పాస్ కావాలి. నాన్నకి మెసేజ్ వెళ్తుంది. ఆయన ఓకే అనాలి. ఇదంతా ఎందుకులే అని వెళ్ళను."

ఇరవై ఏళ్ళ మగపిల్లవాడు. రేపు ఓటు వేసి ప్రభుత్వాన్ని నిలబెట్టగలడు, పడగొట్టగలడు. బజారుకెళ్ళి చెప్పులు కొనుక్కోవడానికి వాడికి తండ్రి సంతకం కావాలి. వాడి కాలేజీలో జిమ్ముంది, కాఫీ షాపుంది, బ్యాంకుంది, బట్టలుతికే యంత్రాలున్నాయి. పెళ్ళివారి విడిది లాగా అన్నీ లోపలికే వస్తాయి. ముసలివాళ్ళు లేరు, పసిపిల్లలు లేరు, బేరమాడే కూరలమ్మి లేదు, పెన్షను కోసం తిరిగే మనిషి లేడు. తన వయసు వాళ్ళు తప్ప ఇంకెవరూ లేని చోట నాలుగేళ్ళు పెరిగిన పిల్లవాడు రేపు బ్యాంకు కౌంటర్లో కూర్చుంటే, చెక్కు నింపడం తెలియని ముసలమ్మతో ఎలా మాట్లాడాలో వాడికెవరు నేర్పుతారు? నేను ముప్ఫై అయిదేళ్ళు ఆ కౌంటర్ల వెనక పనిచేశాను. ఏ కుర్రాడు ఊళ్ళో గది తీసుకుని చదివాడో, ఎవడు నాలుగు గోడల మధ్య చదివాడో చేరిన వారంలో చెప్పేసేవాణ్ణి.

ఊళ్ళో మిగిలిన కాలేజీల పిల్లలకైనా ఊరు మిగిలిందా అంటే అదీ అంతంతమాత్రమే. మేం ఇంజనీరింగ్ కాలేజీ అని పిలిచినది 2008లో జేఎన్‌టీయూ కాకినాడగా ప్రత్యేక విశ్వవిద్యాలయమైంది. నాగమల్లితోట వైపు సాయంత్రం టీ కొట్ల దగ్గర నిలబడే పిల్లల్ని చూస్తే కాస్త ప్రాణం లేచొస్తుంది. కానీ వాళ్ళు నిలబడే ఉంటారు. కూర్చోవడానికి బల్ల లేదు. తాగగానే కదలాలి, వెనక బైకులు హారన్ కొడుతుంటాయి. కూర్చునే చోట్లన్నీ ఏసీ చోట్లయ్యాయి, అక్కడ ఒక కప్పు కాఫీకి పెట్టే డబ్బుతో కూలి పనికెళ్ళే తండ్రి రెండు రోజుల కూరగాయలు తెస్తాడు. 2016లో స్మార్ట్ సిటీలకి మొదటి విడతలో ఇరవై ఊళ్ళని ఎంపిక చేస్తే అందులో కాకినాడ ఒకటి. మంచిదే. దీపాలు వచ్చాయి, పార్కులకి రంగులు వచ్చాయి. నడవడానికి ఫుట్‌పాత్ మాత్రం ఒక వీధి మొగ నుంచి ఇంకో వీధి మొగ దాకా కూడా తెగకుండా లేదు. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ వస్తుంది, దుకాణం మెట్లు వస్తాయి, బైకుల వరస వస్తుంది. ఇంత చదునైన ఊళ్ళో, సైకిలు కోసమే పుట్టిందా అనిపించే ఊళ్ళో, ఇవాళ సైకిలు తొక్కే విద్యార్థి కనిపిస్తే ఆగి చూడాల్సి వస్తోంది. అద్దె పుస్తకాల కొట్లు ఫోను కవర్ల కొట్లయ్యాయి.

నా వయసువాళ్ళంతా ఫోనుని తిడతారు. పిల్లలు తలెత్తరని, మాట్లాడరని. నేను ఆ పాట పాడను. పోవడానికి చోటు లేక పిల్లలు ఫోన్లోకి పోయారు. మా గానసభ అరుగూ, మా వంతెన పిట్టగోడా వాళ్ళకి ఇచ్చి, అప్పుడు కూడా తలెత్తకపోతే తిడదాం. ఏదీ ఇవ్వకుండా తిట్టడం అన్యాయం.

పెద్దగా ఖర్చయ్యే కోరికలు కావు నావి. గ్రంథాలయం రాత్రి తొమ్మిదిన్నర దాకా తెరిచి ఉండాలి, పరీక్షల నెలల్లో పదకొండు దాకా. శని ఆదివారాలు పొలాల్లో కాలేజీల నుంచి ఊళ్ళోకి ఒక బస్సు, రాత్రి పదింటికి తిరుగు బస్సు, దానికి ఏ అవుట్‌పాసూ అక్కర్లేకుండా. కచేరీకీ నాటకానికీ వెనక వరసలు విద్యార్థులకి ఉచితంగా వదలాలి, ఎలాగూ ఇవాళ అవి ఖాళీగానే ఉంటున్నాయి. భానుగుడి నుంచి జగన్నాథపురం దాకా ఒక్క రోడ్డుకి సైకిళ్ళ దారి. అన్నిటికంటే ముందు, గేట్లకి వేలాడే ఆ "బ్యాచిలర్లకు ఇవ్వబడదు" అట్టముక్కలు తీసేయాలి. ఊళ్ళో గదులు ఖాళీగా పెట్టుకుని, పిల్లల్ని హాస్టల్ గదికి ఆరుగురు చొప్పున తోస్తున్నాం.

కిందటేడు మా మేడ మీద గది ఖాళీ అయింది. విద్యార్థులకి మాత్రమే అని అట్ట రాసి గేటుకి కట్టాను. ఎదురింటాయన చూసి వచ్చాడు. "ఏవండీ, ఫ్యామిలీకి ఇచ్చుకోక ఎందుకండీ ఈ గోల? రాత్రీ పగలూ లేకుండా తిరుగుతారు" అన్నాడు. ఆయనా బయటి ఊరి నుంచి వచ్చి ఇక్కడి పాలిటెక్నిక్‌లో చదివినవాడే, సాలిపేటలో ఇలాంటి మేడ గదిలోనే ముగ్గురితో కలిసి ఉన్నాడు. ఆ మాట గుర్తుచేశాను. "అప్పుడు వేరండి" అన్నాడు. ఏం వేరో చెప్పమంటే చెప్పలేదు. వారం తర్వాత ఎంటెక్ చదివే అమ్మాయిలు ఇద్దరు వచ్చి గది చూసుకున్నారు. అద్దె సంగతి, నీళ్ళ సంగతి మాట్లాడుకున్నాక, ఒకమ్మాయి కాస్త మొహమాటపడుతూ అడిగింది, "అంకుల్, రాత్రి ఎన్నింటికల్లా వచ్చెయ్యాలండీ?" గేటు తాళంచెవులు రెండు చేయించి చెరొకటి ఇచ్చాను. ఎదురింటాయన అప్పటినుంచీ నాతో ముభావంగానే ఉంటున్నాడు.